పైన నిలబడ్డ బరువు

గోదావరిఖని దగ్గర మూసేసిన బొగ్గుగని అడుగున, పైన నేలమీద నిలబడ్డ మనిషి బరువును కూడా పసిగట్టే పరికరం ఉంది. దాని మీద పోస్ట్‌డాక్ పరిశోధనకు మృణాళిని చేరింది. దానికి అలికిడి పడదు కనుక ఏడాదిపాటు పైకి వెళ్లకూడదు, ఫోన్ ఉండదు. ప్రతి ఆదివారం భర్త రాజనర్సు పసిపాపను ఎత్తుకొని సరిగ్గా పైన వచ్చి నిలబడేవాడు. తెరమీద ఒక చుక్క వెలిగేది. ఆమె దానివైపే చూస్తూ అన్నం తినేది.

ఆమె కిందికి వచ్చిన తొమ్మిదో నెలలో ఒక ఆదివారం ఆ చుక్క రెండయింది. పెద్దది కదల్లేదు. చిన్నది ఊగుతూ దూరం జరిగింది.

"పరికరం ఏమన్న ఖరాబైందా?" అన్నాడు ఆమెతోపాటు కిందే ఉండి పనిచేస్తున్న ప్రొఫెసర్ జలీల్.

"లేదు సార్, మా పాప నడుస్తుంది" అంది మృణాళిని.

అంతలో చిన్న చుక్క ఆగిపోయింది. పాప పడిందేమోనని ఆమె చప్పున లేచింది. ఆ చుక్క మళ్లీ కదిలేదాకా కూర్చోలేదు.