నీలం బిందె

“అమ్మా, బాబుకి ఆ నీళ్ళు పట్టకు!”

స్కూలు నుంచి తెచ్చుకున్న మైక్రోస్కోపు మీంచి తలెత్తి అరిచింది సైన్సు టీచరు ఫెబా. శారదానదిలోంచి తెచ్చిన ఏకకణజీవులను నిన్న ఇంటి నీళ్ళలో వేసింది. ఇవాళ సగం కదలడం లేదు. వాటి లోపలంతా నీలం నలుసులు.

ఆరోగ్యమేరి గ్లాసు దింపేసింది. “ఏటే? ఏటినీళ్ళలో ఏదైనా కలిసిందా?”

“ఏట్లో ఉన్నన్నాళ్ళూ బాగానే తిరిగేయి. ఈ నలుసులు మన బిందెలోవే.”

“మన బిందెలో మురికేటుంటాది? ఇత్తడిబిందె తోమినట్టే రోజూ ఇసకేసి తోముతన్నాను కదే!”

చెబుతూనే ఆగిపోయింది. ఇద్దరూ నీలం ప్లాస్టిక్ బిందెలోకి తొంగిచూశారు. లోపలంతా గీతలు పడి, అరిగి, తెల్లబారింది.

“బాబుకి ఈ నీళ్ళు ఎన్నాళ్ళనించి పడుతన్నావమ్మా?”

ఆరోగ్యమేరి మనవడి నోరు తెరిపించి, చీరకొంగుతో నాలిక తుడుస్తూనే ఉంది.