జానెడు దూరం

ఎర్రదీపం వెలగగానే బోరమ్ ట్రక్కు ఆపి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది.

బూసాన్ నగరంలో కొండవాడకు ఎక్కే ఆ నిటారు రోడ్డుకి సరిగ్గా నడుమ ఉంది ఆ సిగ్నల్.

అద్దంలోకి చూసింది. వచ్చేశాడు. అదే బూడిదరంగు కారు, అదే ముసలాయన.

'కొత్త డ్రైవర్ని, కాస్త దయ చూపండి' అని ట్రక్కు వెనక కాగితం అతికించుకుంది. అది చూసి అందరూ దూరంగా ఆగుతారు. ఈయన మాత్రం జానెడు దూరంలో ఆపుతాడు. రోజూ ఇంతే.

పచ్చదీపం పడింది. కంగారులో క్లచ్ మీద కాలు ఒక్కసారిగా తీసేసింది. ట్రక్కు ఎగిరిపడి, దగ్గి, ఆగిపోయింది. వెనక పెట్టెల్లో, సోయాపాల జున్నులా మెత్తగా ఉండే టోఫు దబ్బుమంది.

బోరమ్ హ్యాండ్‌బ్రేక్ లాగి, దిగి, నేరుగా ఆ కారు దగ్గరికెళ్ళింది.

"ఏం తాతా! నా బండంటే అంత మోజా? ఎక్కి కూర్చోండి, మోసుకుపోతా!"

ముసలాయన అద్దం దించాడు. నవ్వలేదు, కోప్పడలేదు.

"క్లచ్ ఒక్కసారే వదిలేస్తున్నావమ్మా. మెల్లగా ఎత్తు. ఒక చోట బండి ఒళ్ళు వణుకుతుంది. అక్కడ కాలు ఆపి, యాక్సిలరేటర్ తొక్కు. కదిలాకే పూర్తిగా వదులు."

"పాఠాలు తర్వాత. ముందు దూరంగా ఆపడం నేర్చుకోండి. ఎదురుగా ఏముందో కనపడదా?"

"కనపడుతుంది. వెనకేముందో నీకే కనపడదు."

"వెనకేముంది? మీరే ఉన్నారు, పట్టిన దయ్యంలా!"

పైన పులుసు హోటల్లో చున్‌బున్ అక్క పెట్టె మూత తీసి పెదవి విరిచింది.

"టోఫు తెమ్మంటే పిండి తెస్తావేంటే?"

"రేపు బాగా తెస్తానక్కా."

"రేపొక్కరోజు చూస్తా. తర్వాత వేరేవాళ్ళకి చెప్పుకుంటా. మీ ఆయన విరిగిన చెయ్యి అతుక్కుని మళ్ళీ బండెక్కేదాకా నా పులుసు ఆగుతుందా?"

ఆ హోటల్ పోతే ఇంట్లో టోఫు పొయ్యి ఆరిపోయినట్టే. ఆ కోపమంతా బూడిదరంగు కారు మీదికి మళ్ళింది. సాయంత్రం ఇంటికి రాగానే, ట్రక్కు వెనక కెమెరాలోని వీడియో తీసి పోలీసులకు పంపింది. వెంటపడి భయపెడుతున్నాడని రాసింది.

మర్నాడు అదే సిగ్నల్. అదే కారు.

ముసలాయన మాట వినకూడదనుకున్నా కాలు వింది. క్లచ్ మెల్లగా లేచింది. బండి ఒళ్ళు వణికింది. కాలు అక్కడే ఆగింది. యాక్సిలరేటర్ తొక్కగానే ట్రక్కు, గిన్నెలో నీళ్ళు తొణకనట్టు పైకి సాగింది.

అద్దంలో ముసలాయన తల ఊపాడు. బోరమ్ చూడనట్టు మొహం తిప్పుకుంది.

ఆ రోజు ఒక్క ముక్కా చిట్లలేదు.

ఆ తర్వాత బూడిదరంగు కారు రాలేదు. మొదట హాయిగా అనిపించింది. రానురాను సిగ్నల్ దగ్గర అద్దం బోసిగా కనిపించసాగింది.

"అక్కా, ఒక ముసలాయన రోజూ పైకొచ్చేవాడు, బూడిదరంగు కారు. మీ దగ్గర తినడానికేనా?"

"తినడానికా! ఆయనకి పైన పనే లేదు. ఇక్కడ కారు తిప్పుకుని కిందికి పోయేవాడు. కొత్త డ్రైవర్ కాగితం కనపడిందా, దాని వెనకే."

"ఎందుకక్కా?"

చున్‌బున్ అక్క గరిటెతో కిటికీ బయటికి చూపించింది.

సిగ్నల్‌కి దిగువన, మలుపులో, బడి బండి కోసం పసిపిల్లలు పచ్చటోపీలు పెట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ట్రక్కులో కూర్చుంటే ఆ చోటు కనపడదు.

"చాలా ఏళ్ళ కిందట ఆ సిగ్నల్లో ఆగిన ట్రక్కొకటి కదల్లేక వెనక్కి జారింది. అక్కడ నిలబడ్డ చిన్నపిల్ల పోయింది. జానెడు దూరంలో కారుంటే, జారినా వేగం పట్టకముందే దానికి తగిలి ఆగుతుందంటాడు ఆయన."

బోరమ్ కిటికీ దగ్గరికెళ్ళి ఆ మలుపు వైపు చూసింది.

"ఎవరో పోలీసులకి పట్టించారట. తప్పు నాదేనన్నాడట. లైసెన్స్ వాళ్ళకే ఇచ్చేసి, కారు తుక్కుకి వేసి, చెల్లెలి దగ్గరికి ఏదో దీవికి వెళ్ళిపోయాడు."

ఆ 'ఎవరో' తనేనని చెప్పకుండా బోరమ్ ఖాళీ పెట్టెలు ఒకదానిమీద ఒకటి సర్దింది.

"పోయిన ఆ పిల్ల... ఆయన మనవరాలా అక్కా?"

"కాదే," అంది చున్‌బున్ అక్క, పులుసు కుండ మీద మూత పెడుతూ. "ఆ రోజు ఆ ట్రక్కు నడిపింది ఆయనే."