బొగ్గులమ్మ మహిమ

“ఏంటండీ ఇది? ఇంజినుకి పసుపు పూశారేంటి?” ఫైలు చంకలో పెట్టుకుని, రైల్వే ఇంజినీరు శ్రీసత్య ఆగిపోయింది. ఆమె వెనక క్రేను సిద్ధంగా ఉంది.

నరసాపురం స్టేషన్ పక్కనున్న చిన్న మ్యూజియంలో, తాతలనాటి బొగ్గింజిను అది. దాన్ని ఏదో పెద్ద నగరానికి తరలించమని ఆర్డరొచ్చింది. రిటైరైన లెక్చరరు గోపాలరాజుకి ఆ కబురు విన్నప్పటినుంచీ నిద్ర లేదు. డ్రైవరు కిటికీకి వేలాడుతున్న లేసు తెర ఆయన భార్య హైమ అల్లింది. ఆవిడ పోయాక నాలుగేళ్లుగా ఆయన సాయంత్రాలు ఆ తెర ఎదుటే గడుస్తున్నాయి. గాలికి అది కాస్త కదిలితే చాలు, ఆ పూటకి పలకరించినట్టే.

అందుకే పొద్దున్నే వచ్చి పావుకిలో పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ ఇంజినుకి సమర్పించాడు. అరవై ఎనిమిదేళ్లొచ్చాక అబద్ధమాడడం నేర్చుకోవాల్సి వచ్చింది.

“అమ్మవారండి.”

“పేరు?”

ఆయన చూపు బొగ్గుపెట్టె మీద పడింది. “బొగ్గులమ్మ.”

“బొగ్గులమ్మా!” శ్రీసత్య గేటుదాకా వినపడేలా అంది. “జాతర ఎప్పుడండీ?”

“ఫాల్గుణంలో... కాదు, చైత్రంలోనండి.”

“ఏదో ఒకటి చెప్పండి మాస్టారూ.”

“రైల్వే అమ్మవారు కదమ్మా, ఒక్కోసారి లేటవుద్ది.”

క్రేను డ్రైవరు అప్పాజీ అప్పటికే చెప్పులు విప్పేశాడు. “నేను ముట్టుకోనండి బాబూ. మా ఆవిడకి మూడో నెల.”

“నువ్వుండు అప్పాజీ. రిపోర్టులో రాయాలంటే రుజువుండాలి. మొక్కుకున్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా మాస్టారూ?”

గోపాలరాజు డ్రైవరు కిటికీ వైపు చూశాడు. ఇక తెర విప్పుకుని ఇంటికి పోవడమే అనుకున్నాడు.

అంతలో గేటు దగ్గర చేపల గంపతో కూర్చున్న ముసలావిడ విసురుగా వచ్చింది. పట్టాల మీద కొబ్బరికాయ ఫెడీమని కొట్టింది.

“బొగ్గులమ్మ తల్లీ! ఏటకెళ్లి తప్పిపోయిన నా కొడుకుని నాలుగోనాటికి ఒడ్డుకి చేర్చావు. నిన్నెవరు కదుపుతారో నేనూ చూస్తాను!” శ్రీసత్య వైపు తిరిగింది. “ఏమే పిల్లా, ఫైలు పట్టుకుంటే సరా? నిన్ను కన్నది నీకేం నేర్పిందే?”

శ్రీసత్య తల వంచుకుంది. భుజాలు చిన్నగా అదిరాయి. పాపం, పిల్లని ఏడిపించేసింది అనుకున్నాడు గోపాలరాజు.

“తప్పయిపోయిందండి,” అంటూ ఆమె అక్కడికక్కడే రాసేసింది: ‘భక్తుల మనోభావాల దృష్ట్యా తరలింపు సాధ్యం కాదు.’ అప్పాజీ ఇంజినుకి దణ్ణం పెట్టి క్రేను వెనక్కి తిప్పేశాడు.

గోపాలరాజుకి ఒక్కటే అంతుపట్టలేదు. తను ఇందాకే పుట్టించిన దేవతకి ఆ మహాతల్లి ఎప్పుడు మొక్కుకుందో! ఏదైతేనేం, చేతులెత్తి ఓ నమస్కారం పెట్టాలని గబగబా గేటు దాటాడు.

ముసలావిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని ఆఫీసరు జీపెక్కుతోంది. తిట్టిన మనిషినే బండెక్కించుకుంటోంది, ఎంత మంచి పిల్ల అనుకుని ఆయన అక్కడే ఆగిపోయాడు.

జీపులోంచి శ్రీసత్య గొంతు వినిపించింది.

“అమ్మా, భోజనానికి రామని నాన్నకి చెప్పు, భీమవరంలో ఇంకో ఇంజినుంది.”