పోపు వేగేంతసేపు

ఒకప్పుడు నెట్‌లో అందరి మాటా ఒకే వేగంతో వెళ్లేదట. ఆ నెట్ న్యూట్రాలిటీ మీదే నీలవేణి విశాఖలో పరిశోధన చేస్తోంది. ఇప్పుడు వేగమంతా కంపెనీలదే. అయినవాళ్ల గొంతులతో సరుకులమ్మే కంపెనీ మిషన్లు టక్కున బదులిస్తాయి. కొండమీది ఊళ్లో ఉన్న అమ్మ మాత్రం ఒక ప్రశ్న అడిగి, పోపు వేయించుకుని, ఆలస్యంగా చేరే నీలవేణి జవాబు కోసం మళ్లీ ఫోన్ దగ్గరికొస్తుంది.

ఆ రోజు ల్యాబ్‌లో ప్రయోగానికని కాసేపు వేగం లైను ఇచ్చారు. నీలవేణి ముందు అమ్మకే ఫోన్ చేసింది.

“ఏటే, బువ్వ తిన్నావా?”

“తిన్నానమ్మా!”

అమ్మ గొంతు మారిపోయింది. “ఇంత బేగి జవాబు సెప్పేది మిషనే. నా కూతురి గొంతుతో నాకేటీ అమ్మొద్దు.” ఫోన్ పెట్టేసింది.

నీలవేణి మళ్లీ చేసింది.

“ఎవులు?”

నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుంది. అవతల ఆవాలు చిటపటలాడుతున్నాయి. అమ్మ ఊపిరి ఇంత దగ్గరగా వినిపించి ఎన్నేళ్లయిందో! చిటపటలు సద్దుమణిగాక అంది, “నేనేనమ్మా.”

“ఆఁ, నువ్వేనే!” అమ్మ కుదుటపడింది. “ఇందాక ఎవులో అచ్చం నీలాగే మాటాడారే.”

నీలవేణి ఇంకో పోపు వేగేంతసేపు ఆగి, “అలాగా అమ్మా!” అంది.