చెట్టు కొమ్మా, దుప్పి కొమ్మా?

"కాల్చమంటావా, వద్దా? ఒక్క మాట చెప్పు బావా!"

గౌతమ్ రైఫిల్ మీద వాలిపోయి పళ్ల బిగువున అడిగాడు. ఈశ్వరరావు స్టాండు మీదున్న దుర్భిణి, స్పాటింగ్ స్కోపు మీంచి కన్ను తియ్యలేదు. లోయకి అవతల వాలు మీద, నడుమెత్తు గడ్డిలో గోధుమరంగు ఆకారం ఒకటి పడుకుని ఉంది. దాని తల దగ్గర ఏదో పైకి లేచి అటూ ఇటూ ఊగింది.

"ఉండరా. కొమ్ములాగే ఉంది."

"చెట్టు కొమ్మా, దుప్పి కొమ్మా?"

"అదే తెలిసి చావట్లేదు."

జూమ్ అరవై రెట్ల దాకా తిప్పాడు. ఆకారం పెద్దదైంది. మసక అంతకంటే పెద్దదైంది. మజ్జిగ గ్లాసులోంచి చూస్తున్నట్టుంది. కైమనావా కొండల వెనక పొద్దు దిగిపోతోంది.

"తగ్గించు బావా, వెలుగొస్తుంది."

తగ్గించాడు. వెలుగొచ్చింది. ఆకారం ఆవగింజంత అయిపోయింది.

"షాపులో విఠలన్న నెత్తీ నోరూ కొట్టుకున్నాడు" అన్నాడు గౌతమ్. "నంబర్ చూడకన్నా, లోపలి అద్దం చూడు, పొద్దుగూకితే ఇది గుడ్డిదైతది అని. విన్నావా?"

"సగం ధరకే అరవై రెట్లు ఇస్తానంటే ఎవడు కాదంటాడ్రా? అసలు మీ అక్కైతే పాత బైనాక్యులర్సే చాలంది."

"మధ్యలో అక్కనెందుకు లాగుతావు? విఠలన్న ఇక్కడుంటే ఈపాటికి ఆ కొమ్ముకి ఎన్ని కొనలున్నాయో కూడా చెప్పేవాడు."

"ఉండడుగా! తన బంగారంలాంటి స్కోపు భుజానేసుకుని పొద్దున్నే ఏటివైపు పోయాడు. 'నీ డబ్బాతోని నువ్వు సూస్కో అన్నా' అని నన్నో మాట అని మరీ పోయాడు."

ఆక్లాండ్ శివారు మనురేవాలో ఉండే విఠలే ఈ బావాబావమరుదులకి వేట అలవాటు చేశాడు. ముగ్గురూ ఆక్లాండ్ నుంచి ఒకే కారులో వచ్చారు. దిగిన దగ్గర్నుంచీ విఠల్ ఆ చౌక స్కోపు మీద జోకులేస్తూనే ఉన్నాడు. ఈశ్వరరావుకి ఒళ్లు మండిపోతూనే ఉంది.

అవతల ఆ కొమ్ములాంటిది మళ్లీ లేచింది. ఈసారి ఇంకాస్త ఎత్తుగా, ఇంకాస్త ఆత్రంగా ఊగింది.

"కదిలింది! చెట్టు కాదు బావా, బతికున్న దుప్పే. కొట్టేస్తున్నా!"

"ఒరే, దించు!" ఈశ్వరరావు రైఫిల్ గొట్టాన్ని చేత్తో పక్కకి నెట్టాడు. "లైసెన్సు పరీక్షకి ఏం చదివాం? నూటికి నూరుపాళ్లు తెలిస్తేనే ట్రిగర్. ఇక్కడ నాకు ముప్పై పాళ్లు కూడా కనిపించట్లేదు."

"మంచి స్కోపుంటే కనిపించేది!"

"లేదుగా! దించు."

గౌతమ్ గొణుక్కుంటూ తూటాలు తీసేశాడు. ఈశ్వరరావు స్టాండు మడిచాడు. బావమరిది మొహం మరీ మాడిపోయి ఉండటం చూసి, శిఖరం అంచున నిలబడ్డాడు. ఆ ఆకారం వైపు చెయ్యి పైకెత్తి గట్టిగా ఊపాడు.

"బతికిపోయావు, పో!"

గౌతమ్‌కి కూడా నవ్వొచ్చింది. ఇద్దరూ నవ్వుకుంటూ బస చేసిన గుడిసె వైపు దిగారు.

విఠల్ గుడిసెకి రాలేదు. చీకటిపడేదాకా చూశారు, ఏటి గట్టంతా పిలిచారు. చివరికి సాయం కోసం బీకన్ నొక్కారు. కొండంతా పొగమంచు. అది విడిచాక, తెల్లారి గానీ హెలికాప్టర్ దిగలేకపోయింది. దొరికాడు, ప్రాణంతోనే. ఏటివైపు కాదు. వీళ్లు నిలబడ్డ శిఖరానికి సరిగ్గా ఎదురుగా, ఆ నడుమెత్తు గడ్డిలో.

గౌతమ్ గుడిసె మెట్టు మీద కూలబడ్డాడు. "బావా... నేను కాల్చుంటే..."

"కాల్చలేదుగా" అన్నాడు ఈశ్వరరావు.

హామిల్టన్ ఆస్పత్రిలో విఠల్ ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. సాయంత్రమే తీసుకొచ్చి ఉంటే నిలబెట్టగలిగేవాళ్లమేమో అన్నాడు డాక్టరు.

మూడో రోజుకి మాట్లాడనిచ్చారు. ఈశ్వరరావు మంచం పక్కన కూర్చున్నాడు. దుప్పటి పల్చగా పడి ఉన్న చోటికి చూపు పోనివ్వలేదు.

"ఏటికాడ ఏం కనబడకపోతే మీదికొచ్చినన్నా" అన్నాడు విఠల్. "కాలు జారి బండల మీద పడ్డ, కాలు ఇరిగింది. తుపాకి లోయల పడె. అరిస్తే ఆ గాలికి ఎవ్వనికి ఇనబడతది? మనిషని కనబడాలని ఏసుకున్న ఆరెంజ్ జాకెట్ ఇప్పి కాలికి కట్టుకున్న, నెత్తురు ఆగాలని."

ఈశ్వరరావు ఇక ఆపుకోలేకపోయాడు. "మేం చూశాం విఠల్. నిన్నే చూశాం. నువ్వని తెలీలేదు. దుప్పి అనుకున్నాం. ఆ డొక్కు స్కోపు... షాపులో నీ మాట ఒక్కటి విని ఉంటే..."

"బావ ఆపకపోతే నేను కాల్చేసేవాణ్ణన్నా" అన్నాడు గౌతమ్ తల దించుకుని.

మంచం పక్క బల్ల మీద విఠల్ స్కోపు ఉంది. గీత కూడా పడలేదు. విఠల్ దాని వైపు చూశాడు.

"దుప్పి అనుకున్నరా?" అన్నాడు, ఏదో బరువు దిగినట్టు, ఇంకేదో బరువు ఎక్కినట్టు. "నాకైతే మీరిద్దరు మంచిగ కనబడ్డరన్నా. నీ టోపీ మీద రాతలు గూడ చదివిన."

"విఠల్..."

"నేను చెయ్యి ఊపిన. నువ్వు గూడ నవ్వుకుంట చెయ్యి ఊపి పోయినవ్."