మైపాడు నీలం

"గోటితో గీకొద్దన్నా. గీకాల్సినవన్నీ ఫ్యాక్టరీలోనే గీకి పంపించినారు," అన్నాడు వెంకటేష్.

సుబ్బు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఆ దుకాణంలో ఒక గోడ నిండా నీలిరంగు బేస్ గిటార్లు వేలాడుతున్నాయి. అన్నీ నిన్నగాక మొన్న తయారైనవే, అన్నీ ముసలివాటిలాగే ఉన్నాయి. పడవకు పూసే మందపాటి రంగు, దాని కింద లప్పం పెట్టి పూడ్చిన గాట్లు, ఎండిన రంగులో ఇరుక్కున్న కుంచె వెంట్రుక.

"దీని పేరు మైపాడు నీలం. ఎవరో జాలరాయన తిక్క పుట్టి కొడుకు గిటారుకు పడవరంగు పూసేసినాడంట. కొడుకు దాన్ని తెచ్చి మాకు అమ్మేసినాడు. మా ఓనరు చూసి ముచ్చటపడి ఫ్యాక్టరీకి పంపించినాడు. ఇప్పుడు బెంగళూరు పిల్లకాయలు దీనికోసం పడి చస్తావుండారు. వాళ్లకి కొత్తది పనికిరాదన్నా. ఎవరో ఒకరు బతికి పారేసినట్టుండాల."

ఆ కొడుకు తన ఎదురుగానే నిలబడి ఉన్నాడని కొత్తగా పనిలో చేరిన వెంకటేష్‌కు తెలియదు. సుబ్బు కూడా చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు?

మూడేళ్ల కిందటి వేసవి అది. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించే సుబ్బును ఒక బ్యాండువాళ్లు చెన్నైకి వచ్చి వాయించి చూపించమన్నారు. కొత్త గిటారుతో వెళితే కొత్తవాడనుకుంటారని, దాచుకున్నదంతా ఊడ్చి ఫ్యాక్టరీలోనే పాతదానిలా అరగదీసిన గిటారొకటి కొన్నాడు. మోచెయ్యి ఆనేచోట రంగు అరిగి చెక్క కనబడుతుంది. అంచులు పెచ్చులు లేచి ఉంటాయి. ఒక్క రోజూ వాయించకుండానే ఇరవయ్యేళ్లు వాయించినట్టుంటుంది.

తల్లి ముసలమ్మ దాన్ని చూసి నెత్తి కొట్టుకుంది.

"మంచిదానికి డబ్బులు తీసుకుని చెడిపోయింది అంటగట్టినారు గదరా. పెద్దోళ్ల ముందర దీన్ని పట్టుకుని ఎట్ట నిలబడతావు?"

"అది అట్టే ఉండాలమ్మా. అరిగినదానికే విలువ."

వాకిట్లో వల బాగుచేసుకుంటున్న తండ్రి నరసయ్య నవ్వాడు. "తాళ్లు లాగి లాగి నా వేళ్లు నున్నగా అరిగిపోయినాయి. రేషన్ మిషను నన్ను మనిషే కాదంటది. నెలనెలా మీ అమ్మ పోయి వేలెయ్యాల. నన్ను గూడా ఆ షాపులో పెట్టరాదంట్రా?"

అవి వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసుకలో ఉన్నాయి. మళ్లీ వేటకెళ్లేలోగా గాట్లకు లప్పం పెట్టి, రంగు పూసి పడవను తయారు చేసుకోవడం మైపాడులో ఇంటిల్లిపాదీ పని. పెచ్చులూడినదాన్ని అలాగే వదిలేస్తే ఆ ఇంటికే చిన్నతనం. నరసయ్య లుంగీ నుంచి ముసలమ్మ చీరకొంగు దాకా నీలిచుక్కలే.

చెన్నై ప్రయాణానికి ముందురోజు సుబ్బు కుట్టడానికిచ్చిన చొక్కా కోసం నెల్లూరు వెళ్లొచ్చేసరికి గిటారు వరండాలో ఆరుతోంది. నున్నగా, నీలంగా. తీగలక్కూడా రంగంటింది.

"ఎవురు చేసినారిది?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నరసయ్య రంగు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"నేనే పూసినాన్రా. పెచ్చులూడిపోయుంటే చూళ్లేకపోయినా."

"నీ చెయ్యి పడింది ఏదన్నా బాగుపడిందా నాయనా? నా నోట్లో మన్ను కొట్టినావు."

సుబ్బు చెన్నై వెళ్లలేదు. గిటారును వచ్చినకాడికి అమ్మేసి, తండ్రితో మాటలు మానేశాడు. "కూరలో ఉప్పు చాలిందా అబ్బయ్యా?" అని తండ్రి అడిగితే జవాబు తల్లికి చెప్పేవాడు. అంత పాడు పంతం. పోయిన ఏడాది నరసయ్య నిద్రలోనే పోయాడు. కొడుకు నోటి నుంచి ఒక్క మాటైనా వినకుండానే పోయాడు.

రేపు ఆయన సంవత్సరీకం. ఫోటో పక్కన ఆ గిటారు పెట్టి, బతికుండగా అనలేకపోయిన మాట అనాలని సుబ్బు వచ్చాడు.

"నాకు మొదటిది కావాల. ఆ జాలరాయన పూసింది," అన్నాడు.

"అదీ వీటిల్లోనే ఉండాదన్నా. ఫ్యాక్టరీవోళ్లు అచ్చులు తీసుకుని తిప్పి పంపించినారు. ఏది ఏదో మా ఓనరుకే తెలీదు. ఏదైతే ఏముందిలే? ఇదో చూడు, వేలిముద్రతో సహా దించేసినారు."

గిటారు వెనక వైపు, ఆరని రంగులో పట్టుకున్నప్పుడు పడిన బొటనవేలి ముద్ర. గీత గీతా స్పష్టంగా ఉంది. సుబ్బు ఒక్కో గిటారూ తిప్పి చూశాడు. ప్రతిదాని మీదా అదే వేలు, అదే వెంట్రుక. మొదటినుంచి మళ్లీ చూశాడు. అసలుదేదో కన్నకొడుక్కి అంతుపట్టలేదు. దుఃఖం ముంచుకొచ్చింది. చివరికి చేతికందినదాన్ని తీసుకుని మైపాడు బస్సెక్కాడు.

ఇంట్లో ముసలమ్మ నరసయ్య ఫోటో అద్దం తుడుస్తోంది. సుబ్బు గిటారును బోర్లించి ఆమె ఒడిలో పెట్టాడు.

"అసలుదో నకలో తెలీదమ్మా. కానీ నాయన వేలిముద్ర ఉండాది దీని మీద. ఆయన్ని అంత మాటన్నా. రేపు దీని ముందర మొక్కి తప్పయిపోయిందని చెప్పుకుంటా. చూడు, గీతలు గూడా చెరగలా."

ముసలమ్మ వంగి ఆ ముద్ర చూసింది. చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది.

"మీ నాయన వేలికి గీతలేడుండాయిరా?" అంది.

ఆమె ఆనించిన బొటనవేలు ఆ ముద్రలో సరిగ్గా సరిపోయింది.