మాఫీ లేని ఆట

వాగు పొంగి నంగునూరు బాట కొట్టుకుపోయిన ఏడు అది. సిద్దిపేట బయట ఒక పోలీసు పటాలం డేరాలు వేసింది.

అడవిలో దాక్కున్నవాళ్లకు సద్ది మోశాడని కాశయ్యను పట్టుకుపోయి, డేరాల పక్క కొట్టంలో వేశారు.

అన్న పర్శరాములు వెళ్లి పటాలం పెద్ద అమీన్ కాళ్ల మీద పడ్డాడు.

అమీన్‌కు బాస్కెట్‌బాల్ పిచ్చి.

"నువ్వు మిషన్ బడిల ఆడుతవట గదా. నీ జట్టును తోల్కరా. మా పటాలం మీద గెలిస్తే నీ తమ్ముని తీస్కపో. ఓడితే మల్ల నా మొకం సూడకు."

మరునాడు సాయంత్రం ఊరంతా డేరాల దగ్గర చేరింది.

సీటీ ఊదేందుకు అమీనే ఒకాయనను తెచ్చి నిలబెట్టాడు. ఎవరూ ఎరగని మనిషి. బక్కపలచగా ఉన్నాడు.

ఆట మొదలైంది. పర్శరాములు బంతిని నేలకు కొడుతూ ఉరికాడు. మధ్యలో రెండు చేతులా పట్టాడు. మళ్లీ కొట్టాడు.

సీటీ మోగింది. బంతి పటాలానికి పోయింది.

"గిది మాఫీ గదా సారూ! మా బడి కాడ అంతా ఇసుకే. బంతి లేవదు. పట్టుకొని మల్ల కొడతం."

"ఇసుకల మాఫీ అయితదేమో. గీడ నేల గట్టిది. పట్టినంక కొట్టద్దు. ఎవలకన్న ఇయ్యి, లేకుంటే బుట్టల ఎయ్యి."

అలవాటైన చేయి. కాసేపటికి మళ్లీ అదే తప్పు. మళ్లీ సీటీ.

"అమీను బువ్వ తిన్న సీటీరా అది! గట్లనే కూస్తది!" అని జట్టులోని సాంబయ్య అరిచాడు. జనం నవ్వారు.

తల్లి ఐలవ్వ నవ్వలేదు.

"నీ చేతులు పడిపోను! నా కొడుకును మింగుతవారా?"

ఆమె విసిరిన మట్టిపెడ్డ ఆయన నుదుటికి తగిలింది. ఆయన తుడుచుకుని సీటీ నోట పెట్టుకున్నాడు.

పర్శరాములు పళ్లు కొరుక్కుని ఆట తీరు మార్చుకున్నాడు. పట్టగానే పక్కవాడికి ఇచ్చాడు. పొద్దు వాలేసరికి ఊరి జట్టుకు ఒక్క పాయింటు ఎక్కువుంది.

ఇక బూర ఊదితే ఆట అయిపోయినట్టే.

పటాలం జట్టులోని జమేదార్ బంతితో ఉరికాడు. తడబడి రెండు చేతులా పట్టాడు. మళ్లీ నేలకు కొట్టి బుట్టలో వేశాడు. పోలీసులు టోపీలు ఎగరేశారు.

సీటీ మోగింది.

"బుట్ట లెక్కలేదు."

అమీన్ కుర్చీలోంచి లేచాడు.

"ఒక్కపారి సోంచాయించి చెప్పు."

ఆయన అమీన్ ముఖంలోకి చూశాడు.

"పట్టినంక కొట్టిండు. లెక్కలేదు."

బూర మోగింది.

ఇచ్చిన మాటను అంతమంది ముందు అమీన్ తప్పలేకపోయాడు. కాశయ్యను వదిలారు. ఐలవ్వ కొడుకును పట్టుకుని ఏడ్చింది. జట్టువాళ్లు పర్శరాములును భుజాల మీదికెత్తుకున్నారు.

"ఆఖరికన్న కండ్లు కనవడ్డయి వానికి!" అన్నాడు సాంబయ్య.

సీటీ ఆయన వైపు ఎవరూ పోలేదు.

దెబ్బలకు కాశయ్య దవడ వాచిపోయింది. మాట రాలేదు. గంజి తాగి పడుకున్నాడు.

తెల్లవారింది. పర్శరాములు జొన్నరొట్టెలు మూటగట్టుకుని బయలుదేరాడు. కాశయ్య మెల్లగా నోరు తెరిచాడు.

"ఏడికన్నా?"

"గా సీటీ ఆయన కాడికి. నోటికొచ్చినట్టు తిట్టినం. అవ్వ మట్టిపెడ్డ కొట్టె. పాపం, ధర్మంగనే ఊదిండు."

కాశయ్య గోడ వైపు తిరిగాడు.

"పొద్దుగాల తుపాకి సప్పుడు ఇన్నవా?"

"ఇన్న. ఏమాయె?"

"ఆయన నాతోని కొట్టంలనే ఉన్నడన్నా. పటాలం గెలిస్తే నిన్ను ఇడుస్త, ఓడితే తెల్లారి కాలుస్త అని ఆయనకు చెప్పిండు అమీను."

పర్శరాములు రొట్టెల మూట కింద పెట్టాడు. మూలనున్న పార భుజాన వేసుకుని డేరాల దిక్కు నడిచాడు.